నొప్పి మాత్రకూ ఒక వేళ ఉంటుంది

గుంటూరు కొత్తపేటలో ఫార్మసిస్టుగా పనిచేస్తున్నాను. నొప్పి మాత్రల గురించి కౌంటర్ దగ్గర రోజూ వినే మాటలు కొన్ని, వాటి వెనకున్న నిజాలు కొన్ని రాస్తున్నాను.

అపోహ: నొప్పి మాత్ర ఎప్పుడు వేసుకున్నా ఒకటే.

వాస్తవం: అది ఏ నొప్పి అన్నదాన్ని బట్టి ఉంటుంది. రుమటాయిడ్ కీళ్లవాతంలో వాపును పెంచే రసాయనాలు తెల్లవారుజామున రక్తంలో ఎక్కువవుతాయి. అందుకే లేవగానే వేళ్లు ముడుచుకోవు, కాఫీ గ్లాసు పట్టుకోవడమే కష్టమవుతుంది. లేచాక మాత్ర వేసుకుంటే, అది పనిచేసేలోపు పడాల్సిన బాధంతా పడిపోతారు. ఇలాంటివాళ్లకు రాత్రి భోజనం తర్వాత, నిదానంగా కరిగే ఎస్‌ఆర్ మాత్రను డాక్టర్లు రాస్తుంటారు. దాన్ని విరిచి మాత్రం వేసుకోవద్దు, మందంతా ఒక్కసారే వదిలేస్తుంది.

మోకాళ్ల అరుగుదల వేరు. చాలామందికి నడిచీ నిలబడీ సాయంత్రానికి నొప్పి పెరుగుతుంది. వాళ్లకు మధ్యాహ్నం అన్నం తిన్నాక వేసుకుంటే ఎక్కువ ఉపయోగం. మీ నొప్పి ఏ వేళకు ముదురుతోందో వారం పాటు కాగితం మీద రాసి డాక్టరుకు చూపించండి. వేళ మార్చమంటారా అని అడగడానికి మొహమాటం అక్కర్లేదు.

అపోహ: రాత్రి నొప్పి ఎక్కువ కాబట్టి రెండు వేసుకోవచ్చు.

వాస్తవం: రాత్రి నొప్పి ఎక్కువ అనిపించడం నిజమే. వాపును అదుపు చేసే కార్టిసాల్ హార్మోన్ అప్పుడు ఒంట్లో తక్కువగా ఉంటుంది. కానీ పారాసిటమాల్ మోతాదు మించితే లివర్ దెబ్బతింటుంది, అందులో రాత్రీ పగలూ తేడా లేదు. పారాసిటమాల్ పెద్దవాళ్లకైనా రోజుకు 4 గ్రాములు దాటకూడదు, 650 మిల్లీగ్రాముల మాత్రకు ఆరు గంటల ఎడం ఉండాలి. ఎసిక్లోఫెనాక్ అనే మరో నొప్పి మందు కలిపిన కాంబినేషన్ మాత్రల్లో కూడా తరచుగా 325 మిల్లీగ్రాముల పారాసిటమాల్ ఉంటుంది. స్ట్రిప్ వెనక సన్న అక్షరాలు చదవండి, లేదా మమ్మల్ని చదవమనండి.

అపోహ: పరగడుపున వేసుకుంటే బాగా పట్టుతుంది.

వాస్తవం: డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి కడుపులో పుండ్లు చేస్తాయి. ఏదైనా తిన్నాకే వేసుకోండి.

నాకు ఎక్కువ భయం మాత్రం ఎండాకాలం మధ్యాహ్నాలంటేనే. మిర్చి యార్డులో పొద్దుటినుంచి టిక్కీలు (మిర్చి బస్తాలు) మోసి, నీళ్లు సరిగా తాగకుండా, నడుం నొప్పికి డైక్లోఫెనాక్ వేసుకుని మళ్లీ ఎండలోకి వెళ్తారు. ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీలకు రక్తం అందేలా చూసే వ్యవస్థనే ఈ మందు అడ్డుకుంటుంది. షుగర్, బీపీ ఉన్నవాళ్లకు ముప్పు ఇంకా ఎక్కువ. అన్నా, ముందు నీళ్లు తాగు, నీడన కాసేపు కూర్చో. మూత్రం ముదురు రంగులో, తక్కువగా వస్తుంటే ఆ పూట మాత్ర మానేసి డాక్టరు దగ్గరికి వెళ్లు.