లేత గుర్రానికి పొరుగూరి పాఠం: అపోహలు, వాస్తవాలు

మహారాష్ట్ర నాందేడ్ జిల్లాలోని దెగ్లూరు, బిలోలి, ధర్మాబాద్ చుట్టుపక్కల మన తెలుగువాళ్ల ఇళ్లలో గుర్రం కొత్త కాదు. పెళ్లి ఊరేగింపు, లోహా తాలూకా మాలేగావ్‌లో (నాసిక్ వైపుది కాదు) ఖండోబా జాతర, నాందేడ్ గురుద్వారాలో హోలీ వేళ సిక్కులు జరిపే హోలా మొహల్లా, ఇలా గుర్రం లేనిదే జరగని సందర్భాలు ఎన్నో. కొత్తగా వచ్చినదల్లా, లేత గుర్రాన్ని వాహనంలో ఎక్కించి నగర శివారు మైదానంలో సవారీ గురువు దగ్గరికి తీసుకెళ్లడం. అలా వెళ్లబోయే గుర్రాలకు జీను, కళ్లెం అలవాటు చేయడమే నా పని. బయలుదేరే ముందు ప్రతి వాకిట్లోనూ పెద్దలు దాదాపు ఒకే సలహాలు ఇస్తారు. వాటిలో కొన్ని గుర్రానికి చేటు చేస్తాయి.

నా లెక్కలో తొలి పాఠం నెగ్గిందా లేదా అన్నది ఒక్కదాన్ని బట్టి తేలుతుంది: అక్కడ మేత తిని, నీళ్లు తాగి, గుర్రం నిమ్మళంగా ఇంటికి రావాలి. వీపు మీద ఎంతసేపు కూర్చున్నారన్నది తరువాతి సంగతి.

అపోహ: రెండేళ్లు నిండాయి, ఒళ్లు చేసింది, ఇక ఎక్కవచ్చు.

ఎత్తును చూసి మోసపోవద్దు. గుర్రం ఎముకల చివర్లలో పెరుగుదల కింది నుంచి పైకి ముగుస్తుంది. ముందుకాలి మోకాలి పైభాగం గట్టిపడేసరికే సుమారు 2½ ఏళ్లు పడుతుంది. మన బరువు పడే వెన్నెముక గట్టిపడేసరికి 5½ ఏళ్లు దాటవచ్చు. మూడేళ్లు నిండకుండా ఎవరినీ ఎక్కనివ్వను. ఆ తరువాత కూడా తేలికైన మనిషినే, కొద్దిసేపే. ఎదిగిన గుర్రం మీద మనిషి, జీను కలిపి దాని బరువులో అయిదో వంతు మించకూడదన్నది వాడుకలో ఉన్న కొలత. అంటే 300 కిలోల గుర్రానికి 60 కిలోలు. లేతదానికి నేను 50 దగ్గరే ఆపేస్తాను. బొద్దుగా ఉన్న మేనమామలకు ఇది నచ్చదు.

జాతరలో బేరగాడు ఏ వయసు చెప్పినా పళ్లు చూడండి. ముందు పళ్లలో నడిమి జత 2½ ఏళ్లకు, దాని పక్క జత 3½కు, చివరి జత 4½కు మారతాయి. ఈ మార్పు జరిగే రోజుల్లో చిగుళ్లు సలుపుతాయి, కళ్లెం తగిలితే తల విదిలిస్తుంది. పై దవడలో మొదటి దవడ పన్నుకు ముందు కొన్నిటికి చిన్న అదనపు పన్ను మొలుస్తుంది. కళ్లెం దానికి తగిలినా అంతే. పాఠానికి ముందే పశువైద్యుడితో నోరు చూపించండి. తల విదిలించడాన్ని దుర్గుణమని అమ్మేసినవాళ్లు మన తాలూకాలో తక్కువేమీ లేరు.

ఇదే చోట గుర్రం ఒంటి మీది వెంట్రుకల సుడుల మాట కూడా చెప్పాలి. మార్గశిరంలో మాలేగావ్ జాతరకు వచ్చే కొనుగోలుదారులు పళ్లకంటే ముందు సుడులు వెతుకుతారు. ధర అక్కడే తేలుతుంది కాబట్టి ఆ లెక్క వ్యాపారానికి అవసరమేమో. మైదానంలో మాత్రం గురువు గిట్టలు చూస్తారు, వీపు తడుముతారు, సుడి ఎక్కడుందని అడగరు.

అపోహ: బాజాలకు జడవని గుర్రం దేనికీ జడవదు.

ఇది మన ప్రాంతపు సొంత అపోహ. నిజానికి దగ్గరగా ఉన్నట్టు కనిపిస్తుంది కాబట్టే ప్రమాదకరం. ఊరేగింపులో గుర్రానికి ఇరువైపులా ఇద్దరు మనుషులు తాడు పట్టుకుని ఉంటారు. అదే గుంపు, అవే దీపాలు, అదే డోలు. దానికి అలవాటైనది ఆ సందర్భం. విశాలమైన మైదానంలో తల దగ్గర మనిషి లేకుండా, నేల మీద పరిచిన తెల్లటి దుంగలు, కంచె మీద రెపరెపలాడే టార్పాలిన్ పట్టా ఎదురైతే అదే గుర్రం ఆగిపోతుంది. కళ్లు తలకు ఇరుపక్కలా ఉండటంతో నుదుటి ముందు, తోక వెనక తప్ప చుట్టూ దాదాపు అంతా చూస్తుంది. వెళ్లేటప్పుడు పట్టించుకోని డ్రమ్ము వచ్చేటప్పుడు కొత్త వస్తువులా బెదిరించవచ్చు. అందుకే ఎక్కే ముందు చేత్తో పట్టుకుని మైదానాన్ని రెండు దిక్కులా తిప్పాలి.

ఇంకో చిక్కు ఉంది. నాట్యం నేర్పిన గుర్రానికి పగ్గం బిగిస్తే ఉన్నచోటే కాళ్లు ఎత్తి వేయాలని తెలుసు. బిగిస్తే ఆగాలని గురువు చెబుతారు. పాఠానికి కూర్చున్న పిల్లవాడు భయపడి ఇంకా బిగిస్తాడు, అది ఇంకా ఎగురుతుంది. ఇలాంటి గుర్రం ఉంటే గురువుకు ముందే చెప్పండి, దాచవద్దు.

అపోహ: పరాయి చోట సకిలిస్తూ తిరిగితే అది మొండిది, రెండు తగిలిస్తే దారికి వస్తుంది.

గుర్రం మందలో బతికే జంతువు. సకిలించడం, పలచగా లద్దె వేయడం, తల పైకెత్తి నిలబడటం, ఇవన్నీ తోడు కనబడని కంగారుకు గుర్తులు. ఇంట్లో ఉన్న ముసలి గుర్రాన్ని వెంట తీసుకెళ్తే సగం గొడవ తగ్గుతుంది. దింపగానే జీను వేయకండి. దవడ కింద నాడి పట్టి 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చించండి. ప్రశాంతంగా ఉన్న ఎదిగిన గుర్రానికి నిమిషానికి 28 నుంచి 44 కొట్టుకుంటుంది. అంతకు మించి ఉంటే గడ్డి వేసి ఆగుతాను, ఎంతసేపైనా సరే.

అలసిపోయేదాకా తాడుతో గుండ్రంగా తిప్పి ఆ తరువాత ఎక్కమనే సలహా కూడా దీని తోబుట్టువే. చిన్న వలయంలో తిప్పితే లేత కీళ్ల మీద భారం పడుతుంది, అలసిన కాళ్లు తడబడతాయి. చెరో దిక్కున కొద్ది నిమిషాలు చాలు. ముళ్ల కళ్లెం సంగతి ఇంకా తేలిక: బండి, బరువు పశువుల కోసం 1965లో వచ్చిన కేంద్ర నియమాలే దాన్ని నిషేధించాయి.

అపోహ: ఖాళీ కడుపుతో ఎక్కించి, తల పొట్టి తాడుతో బిగించి కట్టాలి.

రెండూ తప్పే. గుర్రం కడుపులో ఆమ్లం ఎప్పుడూ ఊరుతూనే ఉంటుంది, మేత లేకపోతే పుండ్లు పడతాయి. దారి పొడవునా ఎండు గడ్డి గాని జొన్న చొప్ప గాని అందేలా వల సంచిలో కట్టండి. ఆ ఉదయం శనగలు మాత్రం తగ్గించండి. గుర్రం వాంతి చేసుకోలేదు, కాబట్టి బరువైన దాణా కడుపులో చెడితే శూల తప్పదు. ఇక తల సంగతి. శ్వాసనాళంలో చేరిన దుమ్ము, చీమిడి బయటికి రావాలంటే తల దించాలి. గంటల తరబడి తల ఎత్తి కడితే ఊపిరితిత్తులకు జబ్బు చేస్తుంది. దెగ్లూరు నుంచి నర్సీ మీదుగా నాందేడ్ దారి చిన్నదే. హైదరాబాద్ గాని పుణె గాని వెళ్తే మధ్యలో ఆపి తల దించనివ్వాలి.

ఎక్కించడం ఇంటి దగ్గరే నేర్పండి. పికప్ వాహనాన్ని పొలం గట్టుకు ఆనించి నిలిపి, జారకుండా రబ్బరు చాప మీద గడ్డి పరిచి, కొన్నాళ్లు దాణా అందులోనే పెట్టండి. బయలుదేరే రోజున బెత్తం అవసరం రాదు. మన దగ్గర వేసవిలో 40 డిగ్రీలు దాటుతుంది. పైన చెప్పిన నియమాలే 37 డిగ్రీలు మించిన చోట మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు బరువు పశువులతో పని వద్దంటాయి. పాఠానికి కూడా అదే పాటించండి.

అపోహ: ఒక్కరోజు పనికి కాగితాలెందుకు?

ప్రయాణానికి తగిన ఆరోగ్యం ఉందని పశువైద్యుడి ధ్రువపత్రం తీసుకోవాలి. ధనుర్వాతం గుర్రాలకు తొందరగా సోకుతుంది, టీకా వేయించండి. గ్లాండర్స్ అనే గుర్రాల అంటువ్యాధి మనుషులకూ అంటుతుంది. దాని రక్తపరీక్షకు హిసార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం దేశంలో ప్రధాన ప్రయోగశాల. మైదానంలో ఉమ్మడి తొట్టిలో తాగనివ్వకుండా బకెట్ మీరే పట్టుకెళ్లండి. వీలైతే ఇంటి నీళ్లు కూడా. కొత్త నీటి వాసనకు కొన్ని మూతి పెట్టవు.

చివరిగా, డబ్బు కట్టిన గంటా పూర్తి చేయాలన్న పట్టుదల. గురువుతో ముందే మాట్లాడుకుని సవారీని ఇరవై నిమిషాలకు ఆపండి. మిగతా సమయం చేత్తో నడిపించడానికి వాడుకోండి. ఇల్లు చేరాక లద్దె వేసిందా, నీళ్లు తాగిందా, కాళ్లకు వాపు ఉందా చూడండి. మరునాడు ఉదయం ఉష్ణోగ్రత కొలవండి. 37.5 నుంచి 38.5 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. అంతకు మించినా, దగ్గు మొదలైనా సాయంత్రందాకా ఆగకుండా వైద్యుడికి ఫోను చేయండి.