అటక మీది తాతగారి తుపాకీ: అపోహలు, వాస్తవాలు

విజయనగరం, శ్రీకాకుళం వైపు పాత లోగిలి పడగొట్టేటప్పుడు బారు తుపాకీ దొరికితే ‘బొబ్బిలి యుద్ధం నాటిది’ అనేస్తారు. తుపాకీ గుర్రం (నొక్కగానే పడే సుత్తి) కింద క్యాప్ (దెబ్బకు నిప్పు పుట్టించే చిన్న మూత) పెట్టే నిపిల్ (రంధ్రమున్న చిన్న ముక్కు) ఉంటే అది 1757 నాటిది కాదు, ఆ పద్ధతి వచ్చిందే 19వ శతాబ్దంలో. అయినా చట్టానికి దాని వయసు కన్నా అది పేలుతుందా లేదా అన్నదే ముఖ్యం.

అపోహ: వందేళ్లు దాటితే లైసెన్సు అక్కర్లేదు.
ఈ వందేళ్ల లెక్క 1972 పురావస్తువుల చట్టంలోది. తుపాకీకి వర్తించేది 1959 ఆయుధాల చట్టం. దాని సెక్షన్ 45(సి) ప్రకారం, పాతబడిన నమూనా అయినా, పాడైపోయినదైనా, మరమ్మతు చేసినా సరే తుపాకీగా పనికిరానప్పుడే మినహాయింపు. ‘మరమ్మతు చేసినా సరే’ దగ్గరే చాలామంది దొరికిపోతారు. స్ప్రింగు విరగడం, కర్ర పుచ్చిపోవడం లెక్కలోకి రావు, పనివాడు పూటలో బాగుచేస్తాడు. గొట్టం నిలువునా చీలిపోతే అది వేరే సంగతి. ఏదైనా తేల్చాల్సింది ఆర్మరర్ (ఆయుధాలు పరీక్షించే నిపుణుడు), ఇంటి పెద్ద కాదు. లైసెన్సు లేకుండా దొరికితే రెండు నుంచి ఐదేళ్ల జైలు.

యూట్యూబులో వినే ‘1898, అంతకు ముందువి ఫ్రీ’ అన్నది అమెరికా చట్టం.

అపోహ: 2020లో క్యూరియోలకు (అపురూపంగా దాచుకునే పాతకాలపు తుపాకులకు) లైసెన్సు ఎత్తేశారు.
సగం నిజం. ఆ ఫిబ్రవరి 12 నోటిఫికేషన్ ప్రకారం భారత పౌరులు క్యూరియో తుపాకీని కొనడానికి, ఇంట్లో ఉంచుకోవడానికి లైసెన్సు అక్కర్లేదు. పేల్చాలన్నా, వెంట తీసుకెళ్లాలన్నా, ఊరు దాటించాలన్నా కావాలి. లైసెన్సులో ఎక్కించకపోతే మందుగుండూ అమ్మరు. నాటు తుపాకీకి ‘క్యూరియో’ అని పేరు పెట్టుకుంటే చెల్లదు.

అపోహ: గొట్టానికి వెల్డింగ్ పెట్టిస్తే గొడవ వదిలిపోతుంది.
లైసెన్సు లేకుండా తుపాకీని మార్చడం, బాగుచేయడం సెక్షన్ 5 కింద నేరమే, వెల్డింగ్ షాపువాడూ ఇరుక్కుంటాడు. అంతకన్నా పెద్ద ప్రమాదం లోపలుంది. ఎప్పుడో కూరి వదిలేసిన తుపాకీ మందు తడి తగలకపోతే దశాబ్దాల తర్వాత కూడా అంటుకుంటుంది. మూతి ఎవరివైపూ లేకుండా, మీరు పక్కన నిలబడి, సన్నటి కర్ర పుల్లను ఆగేదాకా మెల్లగా దించండి. మూతి దగ్గర గుర్తు పెట్టి, బయటకు తీసి గొట్టం పక్కన ఆనించండి. పుల్ల కొన నిపిల్ రంధ్రం దాకా రాకుండా రెండు మూడు అంగుళాల ముందే ఆగితే లోపల మందు ఉన్నట్టే లెక్క. ఇక పొడవకండి, వేడి తగలనివ్వకండి, పోలీసులకు ఫోన్ చేయండి.

అపోహ: తాతగారి లైసెన్సు మనవడికి చెల్లుతుంది.
లైసెన్సు మనిషికిచ్చేది, ఆయనతోనే పోతుంది. వారసులు ఆలస్యం చేయకుండా తుపాకీని దగ్గరి పోలీస్ స్టేషన్లోనో, లైసెన్సున్న డీలర్ దగ్గరో అప్పగించి రసీదు తీసుకోవాలి. తర్వాత ఫారం ఎ-1తో కలెక్టర్ గారికి దరఖాస్తు. మరణ ధ్రువపత్రంతో పాటు మిగతా వారసుల నిరభ్యంతర పత్రం జతచేయాలి. అన్నదమ్ముల్లో ఒక్క సంతకం తక్కువైతే ఫైలు కదలదు. 2019 సవరణ తర్వాత వారసత్వంగా వచ్చినవి కలిపినా రెండు తుపాకులే పరిమితి.