కాలేజీ లాక్రోస్‌లో అటాక్ ముగ్గురి ఎంపిక: అపోహలు - వాస్తవాలు

లాక్రోస్ అంటే కర్ర చివరి జాలీతో బంతిని పట్టి, విసిరి గోల్ కొట్టే ఆట. అమెరికాలో ఒక కాలేజీ క్లబ్ జట్టు అటాక్‌కి, అంటే గోల్ కొట్టే పని ప్రధానంగా ఉన్నవాళ్లకి, కోచింగ్ ఇస్తుంటాను. సీజన్ మొదలైతే చాలు, తల్లిదండ్రులు (ఈమధ్య మన తెలుగువాళ్లు కూడా) అడిగేది ఒకటే: "మావాడు అన్ని గోల్స్ కొట్టాడు కదండీ, మొదటి ముగ్గురిలో ఎందుకు లేడు?"

మగవాళ్ల ఫీల్డ్ లాక్రోస్‌లో జట్టుకు పదిమంది: గోలీ, ముగ్గురు డిఫెన్స్, ముగ్గురు మిడ్‌ఫీల్డ్, ముగ్గురు అటాక్. గొడవంతా ఆ చివరి ముగ్గురి గురించే.

అపోహ: ఎక్కువ గోల్స్ కొట్టే ముగ్గుర్ని దింపితే సరిపోతుంది.

వాస్తవం: బంతి ఒక్కటే కదా. నేనూ ఒకసారి ఈ పొరపాటు చేశాను. డిఫెండర్‌ని తప్పించుకుని దూసుకెళ్లడంలో మేటి అయిన ముగ్గుర్నీ కలిపి ఆడించాను. ఒకడు బంతితో వెళ్తుంటే మిగతా ఇద్దరూ తమ వంతు కోసం నిలబడి చూశారు. వాళ్లు కదలకపోయేసరికి వాళ్లను కాయాల్సిన డిఫెండర్లు కూడా బంతి ఉన్నవాడి మీదికే వచ్చిపడ్డారు. అందరూ పల్లకీ ఎక్కేవాళ్లే అయితే మోసేదెవరు?

ఇప్పుడు పనిని బట్టి ఎంచుతున్నాను. గోల్ వెనక, మేం 'ఎక్స్' అనే చోటి నుంచి బంతి అందించే ఫీడర్ ఒకడు. క్రీజ్ (గోల్ చుట్టూ గీసిన వలయం) దగ్గర అందుకున్న బంతిని అందుకున్నట్టే వలలో వేసే ఫినిషర్ ఒకడు. పక్క నుంచి తన డిఫెండర్‌ని దాటగల డాడ్జర్ ఒకడు. గోల్ వెనక 15 గజాల చోటుంటుంది. బంతి అక్కడుంటే గోలీ వెనక్కి తిరిగి చూడాల్సిందే. అదే అదను, ముందు నుంచి వచ్చే ఫినిషర్ అతని కంట పడడు. 2019లో పెన్ స్టేట్ యూనివర్సిటీ జట్టులో ఫీడర్ గ్రాంట్ అమెంట్ కొట్టిన గోల్స్ 30, ఇచ్చిన అసిస్ట్‌లు (సహచరుల గోల్స్‌కి అందించిన పాస్‌లు) 96. అతని సహచరుడు మాక్ ఒకీఫ్ గోల్స్ 78. ఇద్దరిలో ఒక్కణ్నే తీసుకోమంటే నేను అమెంట్‌నే తీసుకుంటాను.

అపోహ: ఏ చేతివాటమైనా ఒకటే.

వాస్తవం: కర్ర మైదానం మధ్య వైపు ఉంటే షాట్‌కి గోల్ ఎక్కువగా కనిపిస్తుంది. ముగ్గురూ కుడిచేతివాళ్లయితే ఒక పక్క ఎప్పుడూ ఇరుకే. మంచి లెఫ్టీ దొరికితే వదలను. ఒకీఫ్ కూడా లెఫ్టీయే.

అపోహ: పొడుగు, కండ ఉండాలి.

వాస్తవం: డిఫెండర్ కర్ర ఆరడుగుల దాకా ఉండొచ్చు. దాన్ని తప్పించేది చురుకైన పాదాలు.

అపోహ: బంతి పోతే అటాక్ పని అయిపోయినట్టే.

వాస్తవం: అప్పుడే రైడ్ మొదలు. బంతిని అవతలి సగానికి తేకుండా వాళ్ల వెంటపడాలి. ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీ క్రీడల సంఘం) మగవాళ్ల ఆటలో 2019 నుంచి 80 సెకన్ల షాట్ క్లాక్ ఉంది, ఆలోగా షాట్ కొట్టాలి; బంతి చేతికి రాగానే అది మొదలవుతుంది. రైడ్‌తో పదిహేను సెకన్లు తినేస్తే ఎదుటివాళ్లకు టెన్షనే.

ఇక స్కోరు కాగితంలో కనిపించని పని ఒకటుంది. షాట్ తప్పి బంతి బయటికి పోతే, దానికి దగ్గరగా ఉన్న ఆటగాడి జట్టుకే బంతి ఇస్తారు. అందుకే మావాళ్లు షాట్ కొట్టగానే నేను గోల్ వైపు చూడను, వెనక గీత వైపు ఎవడు పరిగెడుతున్నాడా అని చూస్తాను. మూడో చోటుకి ఇద్దరు సమానంగా ఉంటే అలా పరిగెత్తేవాడికే ఇస్తాను.