జాలీ కింద రెండంగుళాల నీళ్లు

వేసవి సెలవులకు ఊరెళ్లి నెలన్నర తర్వాత వచ్చి ఇంటి తాళం తీశాం. గుమ్మంలోనే కుళ్లిన కోడిగుడ్ల కంపు గుప్పుమంది. ఎలుకేదో చచ్చి ఉంటుందని మంచాల కింద, అటక మీద వెతికాం. చివరికి ప్లంబర్‌ని పిలిస్తే, ఆయన సంచిలోంచి ఒక్క పనిముట్టూ తీయకుండా గెస్ట్ బాత్రూమ్ జాలీలో బకెట్ నీళ్లు పోయించాడు. కిటికీలన్నీ తీసి పెట్టాం. గంటలో వాసన పోయింది.

ఆ జాలీ కింద ఉండేదాన్ని మేస్త్రీలు నహానీ ట్రాప్ అంటారు. హిందీలో నహానా అంటే స్నానం చేయడం. అది చిన్న గిన్నెలాంటిది. మనం పోసిన నీళ్లు అందులో కొంత మట్టం దాకా నిలిచిపోతాయి, ఆపైన వచ్చినవే పొర్లి పైపులోకి పోతాయి. నిలిచిన ఆ నీళ్లే తలుపు. కింద డ్రైనేజీ పైపులో ఉన్న గాలి ఆ నీళ్లను దాటి పైకి రాలేదు. దీన్ని నీటి సీలు అంటారు. సాధారణంగా దాని లోతు 50 మిల్లీమీటర్లు, అంటే రెండంగుళాలు. 1775లో అలెగ్జాండర్ కమింగ్ అనే గడియారాల తయారీదారు మరుగుదొడ్డి కింది పైపును ఎస్ అక్షరంలా వంచి, ఆ వంపులో నీళ్లు నిలిచేలా చేసి బ్రిటన్‌లో పేటెంట్ పొందాడు. మన వాష్‌బేసిన్ కింద, కమోడ్ లోపల ఉండే వంపులన్నీ చేసేది అదే పని.

వాడని బాత్రూమ్‌లో ఆ రెండంగుళాల నీళ్లు రోజురోజుకూ ఆవిరైపోతాయి. మన ఎండలకు కొన్ని వారాలు చాలు. ఇక మురుగు పైపుకూ మన పడకగదికీ మధ్య అడ్డు ఉండదు.

ఆ గాలిలో ముఖ్యమైనది హైడ్రోజన్ సల్ఫైడ్. గాలి ఆడని మురుగులో కొన్ని రకాల బాక్టీరియా సల్ఫేట్లను వాడుకుని దీన్ని వదులుతాయి. గాలిలో కోటి పాళ్లకు ఒక పాలు ఉన్నా చాలామంది ముక్కు పసిగడుతుంది. కానీ పది లక్షల పాళ్లకు 100 పాళ్లు దాటితే ముక్కు మొద్దుబారి, వాసనే తెలియకుండా పోతుంది. ఇంట్లో జాలీ ఎండినంత మాత్రాన మామూలుగా అంత మోతాదు రాదు. తలనొప్పి, కళ్లమంట, వికారం రావచ్చు. మ్యాన్‌హోల్‌లో మాత్రం ఆ మోతాదు ఎంతకైనా పెరగవచ్చు. వాసన లేదు కదా అని లోపలికి దిగిన మనిషి అక్కడే కుప్పకూలుతాడు. రక్షణ సామగ్రి లేకుండా మనుషుల్ని అందులోకి దింపడాన్ని మన దేశంలో 2013లో వచ్చిన చట్టం నిషేధించింది. అయినా ఆ చావులు ఆగలేదు. ఇది తలుచుకున్నప్పుడల్లా కడుపు రగిలిపోతుంది.

జాలీ ఎండితే వచ్చేది వాసన ఒక్కటే కాదని 2003లో హాంకాంగ్ చూసింది. అక్కడి అమోయ్ గార్డెన్స్ అపార్ట్‌మెంట్లలో, సార్స్ అనే ప్రమాదకరమైన శ్వాసకోశ వైరస్ జబ్బు సోకిన ఒకాయన మార్చి 14న, 19న బంధువుల ఫ్లాట్‌కి వచ్చాడు. ఆయనకు విరేచనాలు అవుతున్నాయి. ఏప్రిల్ 15 నాటికి ఆ సముదాయంలో 321 మందికి సార్స్ వచ్చింది. అందులోనూ 33 అంతస్తుల ఇ బ్లాకులోనే ఎక్కువ. దర్యాప్తు చేసినవాళ్లకు అనేక కారణాలు కనిపించాయి. ముఖ్యమైన వాటిలో ఒకటి బాత్రూమ్ నేల జాలీల ట్రాపులు. అక్కడివాళ్లు నేలను నీళ్లు పోసి కడగరు, తడిగుడ్డతో తుడుస్తారు. ట్రాపులు ఎండిపోయాయి. బాత్రూమ్ తలుపు మూసి ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేస్తే, ఆ ఫ్యాన్ జాలీలోంచి మురుగు పైపులోని, వైరస్ ఉన్న తుంపరలను లోపలికి లాగింది.

ఇది చదివాక నాకు మన అలవాటు విలువ తెలిసింది. మన ఇళ్లలో స్నానం చేస్తే నేలంతా తడుస్తుంది, బకెట్‌తో నేల కడుగుతాం, ట్రాపు రోజూ నిండుతుంది. ఎవరూ అనుకోకుండానే ఆ తలుపు మూసి ఉంటోంది. ఇప్పుడు కొత్త ఫ్లాట్లలో షవర్‌కి అద్దం అడ్డం పెట్టి మిగతాది డ్రై ఏరియా అంటున్నారు. అక్కడి జాలీలో నీళ్లు పడేది ఎప్పుడు? గెస్ట్ బాత్రూమ్, యుటిలిటీ బాల్కనీ సంగతీ అంతే. పిల్లలు అమెరికాలోనో బెంగళూరులోనో ఉంటే, పెద్దవాళ్ల ఇంట్లో మేడ మీది బాత్రూమ్ నెలల తరబడి మూసే ఉంటుంది.

ఎండ ఒక్కటే కాదు, ట్రాపును ఖాళీ చేసేవి ఇంకా ఉన్నాయి. పొర్లే అంచు మీద ఒక వెంట్రుకల చిక్కు వేలాడితే చాలు, ప్రమిదలో వత్తి నూనె పీల్చినట్టు అది నీళ్లను బొట్టు బొట్టుగా అవతలికి లాగేస్తుంది. పై అంతస్తులో ఒక్కసారిగా నీళ్లు వదిలితే, అవి పైపులో దిగుతూ వెనక గాలిని లాగుతాయి. మన జాలీ గుడగుడమంటుంది, ట్రాపులో నీళ్లు కూడా వాటి వెంట పోవచ్చు. అలా జరగకుండానే పైపుకి గాలి అందించడానికి డాబా మీద వెంట్ పైపు పెడతారు. దాన్ని పిట్ట గూడు కట్టిందనో వాసన వస్తోందనో మూసేయకండి.

చేయాల్సింది చాలా తేలిక. వాడని ప్రతి జాలీలో వారానికి ఒక మగ్గు నీళ్లు పోయండి. నెలల తరబడి ఊరెళ్తుంటే, ముందు నీళ్లు పోసి పైన రెండు చెంచాల మినరల్ ఆయిల్ (పెట్రోలియం నుంచి తీసే, రంగూ వాసనా లేని నూనె) వేయండి. ఆ పొర ఆవిరిని ఆపుతుంది. వంట నూనె కొన్నాళ్లకు ముక్కిపోతుంది, కొబ్బరినూనె చలికాలంలో పేరుకుంటుంది. నీళ్లు దిగేటప్పుడు తెరుచుకుని మళ్లీ మూసుకునే రబ్బరు పొర ఉన్న జాలీలూ దొరుకుతున్నాయి. బొద్దింకలు పైకి రాకుండానూ అవి పనికొస్తాయి. వాసన వస్తోందని యాసిడ్ మాత్రం పోయకండి. మురుగు బురదలోని సల్ఫైడ్‌తో కలిస్తే అది అదే విషవాయువును ఇంకా వదిలిస్తుంది. అక్కడ అంతకుముందు బ్లీచింగ్ పౌడర్ చల్లి ఉంటే క్లోరిన్ వస్తుంది.

నీళ్లు పోసిన మర్నాడు జాలీ ఎత్తి టార్చ్ వేసి చూడండి. అడుగున నీళ్లు మెరుస్తుంటే ట్రాపు బాగానే ఉన్నట్టు. ఏమీ మెరవకపోతే, వెంట్రుకల చిక్కేమీ లేకుంటే ట్రాపు పగిలి ఉండవచ్చు, లేదంటే కట్టేటప్పుడు అసలు పెట్టనే లేదు, జాలీ కింద తిన్నగా పైపే ఉంది. అప్పుడిక మగ్గు నీళ్లతో పనికాదు, నేల తవ్వి ట్రాపు పెట్టించాల్సిందే.