‘క్యారియన్’కు ‘క్రవ్యం’ చుట్టమేనా?

రాబందులు తినే చచ్చిన జంతువు మాంసాన్ని ఇంగ్లీషులో క్యారియన్ అంటారు. సంస్కృతంలో పచ్చిమాంసం క్రవ్యం, దాన్ని తినేవాడు క్రవ్యాదుడు. రెండు మాటల్లోనూ క, ర ఉన్నాయి, అర్థమూ దగ్గరే. మూలం ఒకటే అనిపిస్తుంది, కానీ కాదు.

క్యారియన్‌కు మూలం లాటిన్ ‘కారో’, అంటే మాంసం. ఒంటి కండకైనా, వండే మాంసానికైనా అదే మాట. అందులో కుళ్లు అన్న భావమే లేదు. వాడుక లాటిన్‌లో దానికి ప్రత్యయం చేరి ‘కారోనియా’ అయిందంటారు. ఈ రూపం ఏ రాతలోనూ దొరకలేదు, అందుకే నిఘంటువులు దానికి ముందు నక్షత్రం గుర్తు పెడతాయి. అయినా అది గాలిలో కట్టిన మేడ కాదు. ఇటాలియన్ ‘కరోన్యా’, ఫ్రెంచి ‘షరోన్య్’ రెండింటినీ ధ్వని మార్పుల దారిలో వెనక్కి నడిపిస్తే చేరేది అక్కడికే.

ఫ్రెంచిలో ‘ష’ ఉంటే ఇంగ్లీషులో ‘క’ ఎందుకుంది? పారిస్ వైపు లాటిన్ ‘క’ మొదట ‘చ’గా, తర్వాత ‘ష’గా మారింది. ఉత్తరాన నార్మండీలో మారలేదు. 1066లో ఇంగ్లండును గెలిచినవాళ్లు నార్మన్లు, వాళ్ల ‘క’యే అక్కడ నిలిచింది. క్యాటిల్ (పశువులు), చాటెల్ (చరాస్తి) కూడా ఇలా రెండు దారుల్లో వచ్చిన ఒకే మాట.

ఇంకా వెనక్కి, లాటిన్‌కూ సంస్కృతానికీ ఉమ్మడి మూలమైన పాత భాష దాకా వెళితే ‘కోయడం’ అనే అర్థమున్న ‘కెర్’ ధాతువు కనిపిస్తుంది. కారో అంటే మొదట కోసిన ముక్క, వాటా. ఇటలీలోని పాత ఉంబ్రియన్ భాషలో ‘కరు’కు భాగమనే అర్థం. సంస్కృత ‘కర్తరి’ది ఆ ధాతువే, మన కత్తెర అందులోంచి వచ్చిందే. అంటే క్యారియన్‌కు మనింట్లో అసలు చుట్టం కత్తెర!

క్రవ్యం వంశం వేరు, దాని ధాతువుకు నెత్తురోడే పచ్చిమాంసమని అర్థం. గ్రీకు ‘క్రెయాస్’ (మాంసం), లాటిన్ ‘క్రువోర్’ (కారిన నెత్తురు) దాని తోబుట్టువులు. ఇంగ్లీషు ‘రా’ (పచ్చి) కూడా. ఇంగ్లీషు చేరిన జర్మానిక్ భాషల్లో మొదటి ‘క’ ‘హ’ అయింది, తర్వాత ఇంగ్లీషులో ఆ ‘హ’ కూడా రాలిపోయింది. పోలిక కనబడని ‘రా’ సొంత చెల్లెలు, పోలిక ఉన్న క్యారియన్ పరాయిది. అందుకే పోలికను కాదు, ధ్వని మార్పుల క్రమాన్ని చూడాలి.

మామూలు మాంసం క్యారియన్‌లో చచ్చిన జంతువు మాంసమైనట్టు, అర్థం దిగజారడం తెలుగులోనూ ఉంది. సంస్కృతంలో ‘కళేబరం’ అంటే శరీరం. గీత ఎనిమిదో అధ్యాయంలో అంత్యకాలాన విడిచేది అదే. తెలుగులో అది చచ్చిన ఒంటికే, ఎక్కువగా గొడ్డు శవానికే మిగిలింది. పూరీ జగన్నాథుడికి కొత్త దారు విగ్రహం చేసే నవకళేబర ఉత్సవంలో మాత్రం పాత అర్థం చెక్కుచెదరలేదు.