తెడ్డు ఆపిన పడవలు

చిరంజీవులైన పిల్లలకు,

మీలో ఒకరు రాసిన ప్రశ్న నా బల్ల మీద ఉంది. "పక్షవాతం వచ్చిన రోజు పొద్దున మా అమ్మమ్మ కుడిచెయ్యి లేవనేలేదు. ఆస్పత్రిలో మందు ఎక్కించాక సాయంత్రానికి లేచింది. చచ్చిపోయిన మెదడు కణాలు మళ్ళీ బతుకుతాయా తాతగారూ?" అని. బతకవమ్మా. చనిపోయిన నాడీకణం తిరిగి రాదు. మీ అమ్మమ్మగారి చేతిని కదిపే కణాల్లో చాలా వరకు ఆ పూట చనిపోలేదు. పని మానేసి, ప్రాణం నిలుపుకోవడానికి పెనుగులాడుతూ ఉండిపోయాయి.

పక్షవాతాల్లో ఎక్కువ భాగం మెదడుకు రక్తం తీసుకువెళ్ళే నాళంలో గడ్డ అడ్డుపడడం వల్ల వస్తాయి. మెదడు బరువు శరీరం బరువులో 2 శాతమే అయినా, మనం వాడుకునే ఆక్సిజన్‌లో సుమారు 20 శాతం దానికే కావాలి. పైగా అది నిల్వ చేసుకునేది దాదాపు ఏమీ లేదు. ఏ క్షణానికి కావలసినది ఆ క్షణంలో రక్తం తెచ్చి ఇవ్వవలసిందే.

ఇంతకూ ఆ శక్తితో కణం చేసే పని ఏమిటి? ఒక్కొక్క నాడీకణాన్ని ఉప్పునీటి మీద తేలే చిన్న పడవ అనుకోండి. కణం లోపలికంటే బయట సోడియం సుమారు పది రెట్లు ఎక్కువగా ఉండి, సందు దొరికినప్పుడల్లా లోపలికి ఊరుతూ ఉంటుంది. కణం పొరలోని పంపులు దానిని తోడి బయట పోస్తూ, పొటాషియంను లోపలికి తెచ్చుకుంటూ ఉంటాయి. అంటే పడవవాడికి ఎప్పుడూ రెండు పనులు: తెడ్డు వెయ్యాలి, నీళ్ళు తోడాలి. తెడ్డు వెయ్యడమంటే ఇతర కణాలకు సంకేతాలు పంపడం, చేతిని ఎత్తమనడం, నోటికి మాట అందించడం. నీళ్ళు తోడడమంటే కేవలం బతికి ఉండడం.

నా చిన్నతనంలో మేనమామ పడవలో నాకు అప్పగించిన పని నీళ్ళు తోడడమే. ఒకనాడు ఏటి నడుమ ఎదురుగాలి లేచింది. మామయ్య చేతులు సడలిపోయాయి. తెడ్డు లోపల పెట్టేసి, నా చేతిలోని డొప్ప అందుకుని తానే తోడసాగాడు. ముందుకు పోవడం లేదని నేను ఏడుపు మొదలుపెడితే, "కదలకపోతే ఏమిరా, తేలుతున్నాం కదా, గాలి తగ్గాక తెడ్డు వేసుకుందాం" అన్నాడు. ఒడ్డున నిలబడి చూసేవాళ్ళకు మా పడవ పని అయిపోయినట్టే కనబడి ఉంటుంది. కదలడం లేదు కాబట్టి ప్రాణం పోయిందని తొందరపడి తేల్చేయకూడదని మీరూ గుర్తుంచుకోండి.

నాడీకణాలూ సరిగ్గా మామయ్య చేసిన పనే చేస్తాయి. మామూలుగా 100 గ్రాముల మెదడుకు నిమిషానికి సుమారు 50 మిల్లీలీటర్ల రక్తం అందుతుంది. అది 20కి దిగువకు పడితే కణాలు తెడ్డు ఆపేస్తాయి, చెయ్యి పడిపోతుంది. కాని తోడడం సాగుతూనే ఉంటుంది. సుమారు 10కి దిగజారితే తోడే బలమూ పోయి, నిమిషాల్లోనే పడవలు మునగడం మొదలవుతుంది. గడ్డ అడ్డుపడిన చోటు నడిబొడ్డున మునిగిన పడవలు, దాని చుట్టూ తెడ్డు ఆపి తేలుతున్న పడవలు ఉంటాయి. ఆ చుట్టు ప్రాంతాన్ని వైద్యులు పెనంబ్రా అంటారు. ఆస్ట్రప్, సీషో, సైమన్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు 1981లో దాని స్వరూపాన్ని స్పష్టంగా వివరించి రాశారు. పక్క నాళాల గుండా కొద్దిగానైనా రక్తం చేరడం వల్లనే అక్కడి కణాలు గంటల తరబడి నిలవగలుగుతాయి.

మునిగిన పడవ ఒంటరిగా మునగదు. దానిలోని గ్లుటమేట్ అనే సరుకు నీళ్ళలోకి ఒలికిపోతుంది. మామూలు రోజుల్లో కణాలు చిటికెడు చిటికెడుగా మార్చుకునే సంకేత పదార్థమే అది. ఒక్కసారిగా కుప్పలుగా వచ్చి తాకితే, అలసిపోయిన పక్క పడవల తలుపులు బార్లా తెరుచుకుని లోపలికి కాల్షియం చొరబడుతుంది. లోపలి ఎంజైములను అదుపు తప్పేలా ఉసిగొలిపి, కణం తన గోడలను తానే కొరుక్కునేట్టు చేసేది ఆ కాల్షియమే. ఇంకొన్ని కణాలు ఆ పూటకు తేలినా, తర్వాతి గంటల్లో, రోజుల్లో అపోప్టోసిస్ అనే మరో దారిన పోతాయి. పక్క పడవలకు దెబ్బ తగలకుండా, ఒక్కొక్క పలకనూ వరుసగా ఊడదీసి సర్దిపెట్టినట్టుగా తమను తాము విప్పుకుంటాయి. కంటికి కనబడనంత చిన్న ప్రాణికి పోయేటప్పుడు కూడా అంత క్రమం ఉండడం తలచుకుంటే, ఈ వయసులోనూ నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

కనుక వైద్యమంతా తేలుతున్న పడవల కోసమే. గడ్డను కరిగించే మందు మూడు గంటలలోపు ఇస్తే మేలు చేస్తుందని 1995లో తేలింది. తర్వాత ఆ గడువు నాలుగున్నర గంటలకు పెరిగింది. పెద్ద నాళం మూసుకుపోతే సన్నని గొట్టాన్ని పంపి గడ్డను బయటికి లాగుతారు. స్కానింగ్‌లో పెనంబ్రా ఇంకా మిగిలి ఉందని కనబడితే, కొందరికి 24 గంటల వరకూ అలా చేయవచ్చని 2018 నాటి పరిశోధనలు చూపాయి. అంత గడువు ఉందని నిదానించడానికి మాత్రం లేదు. పెద్ద నాళం మూసుకుని వైద్యం అందకపోతే నిమిషానికి 19 లక్షల నాడీకణాలు పోతాయని 2006లో జెఫ్రీ సేవర్ అనే వైద్యుడు లెక్కగట్టారు.

ఇక మీరు చేయవలసిన పని ఒకటుంది. ఈ రోజే ఇంట్లో పెద్దవాళ్ళను కూర్చోబెట్టి, రెండు చేతులూ ముందుకు చాపి, అరచేతులు పైకి పెట్టి, కళ్ళు మూసుకుని పది లెక్కపెట్టమనండి. చేతులు రెండూ సమానంగా నిలిచాయో లేదో చూడండి. తర్వాత నవ్వమని పెదవుల చివరలు రెండూ ఒకేలా లేచాయో గమనించండి, ఒక వాక్యం చెప్పమని మాట వినండి. ఆరోగ్యంగా ఉన్నప్పటి తీరు మీ కళ్ళకు బాగా అలవాటు కావాలి. ఎప్పుడైనా హఠాత్తుగా ఒక చెయ్యి జారిపోతున్నా, మూతి ఒక పక్కకు పోయినా, మాట ముద్దగా వచ్చినా వెంటనే అంబులెన్స్‌ను పిలిపించండి. వచ్చినది గడ్డో, రక్తస్రావమో స్కానింగ్‌లోనే తెలుస్తుంది కాబట్టి ఈలోగా ఏ మాత్రా మింగించవద్దు. ఆ మనిషి చివరిసారి మామూలుగా ఎప్పుడు కనబడ్డారో ఆ సమయాన్ని కాగితం మీద రాసి పెట్టుకోండి. వైద్యులు మొదట అడిగేది దానినే.

ఆశీస్సులతో,
మీ తాతగారు