టర్బో డీజిల్ ట్యూనింగ్, ఎగ్జాస్ట్ వేడి: అపోహలు - వాస్తవాలు

అపోహ: ఇంధనం కాస్త ఎక్కువ పోస్తే ఇంజన్ చల్లగా ఉంటుంది.

వాస్తవం: అది పెట్రోల్ ఇంజన్ లెక్క. అక్కడ మిగులు పెట్రోల్ ఆవిరవుతూ వేడిని లాగేస్తుంది. డీజిల్ ఇంజన్‌లో గాలి ఎప్పుడూ అవసరానికి మించే ఉంటుంది కాబట్టి, పోసినకొద్దీ వేడి పెరుగుతుంది. బరువులో ఒక పాలు డీజిల్‌కి 14.5 పాళ్ల గాలి చాలని పుస్తకాల లెక్క. కానీ అది 18 దగ్గరికి దిగేసరికే నల్లపొగ మొదలవుతుంది. ఫుల్ లోడ్‌లో 20కి తగ్గకుండా మ్యాప్ (ఇంజన్ కంప్యూటర్‌లో ఇంధనం లెక్క) చేసుకోండి. వేడి హద్దు దాటుతుంటే ముందు కోయాల్సింది ఇంధనమే.

అపోహ: ఎగ్జాస్ట్ వేడి మీటర్ 550 డిగ్రీలే చూపిస్తోంది, భయం లేదు.

వాస్తవం: ముందు వేడి కొలిచే ప్రోబ్ ఎక్కడుందో చూడండి. టర్బోలోని టర్బైన్ చక్రాన్ని తిప్పాక ఎగ్జాస్ట్ గ్యాస్ చల్లబడుతుంది. లోడ్‌లో టర్బోకి ముందూ తర్వాతా 100 నుంచి 200 డిగ్రీల తేడా ఉంటుంది. ఆ తేడా కూడా లోడ్‌ని బట్టి మారుతుంది, అందుకే ఒక అంకె కలిపేసి సరిపెట్టుకోవడం కుదరదు. ప్రోబ్‌గా కె-టైప్ థర్మోకపుల్‌ని (వేడి కొలిచే తీగల జత) ఎగ్జాస్ట్ మేనిఫోల్డ్‌లో, సిలిండర్ల గ్యాస్ కలిసే చోట, కొన దారి మధ్యకి వచ్చేలా బిగించాలి. టర్బో ముందు వేడి ఎడతెగని లోడ్‌లో 700 డిగ్రీల లోపు ఉండాలి. 750ని కొన్ని సెకన్లకు మించి ఉండనివ్వొద్దు. ఇంజన్ తయారీదారు అంతకంటే తక్కువ చెబితే అదే హద్దు.

ప్రోబ్‌కి రంధ్రం మేనిఫోల్డ్ విప్పి వేయడమే మేలు. బండి మీదే వేయక తప్పకపోతే డ్రిల్ బిట్‌కి గ్రీజు దట్టంగా పూసి, రెండు మిల్లీమీటర్లకోసారి బయటికి తీసి, అంటుకున్న రజను తుడిచి మళ్లీ పూయాలి. లోపల పడ్డ పోత ఇనుప రజనుని అయస్కాంతంతో తీయాలి. మిగిలిన ఒక్క తునక చాలు, టర్బైన్ రెక్క అంచు విరగడానికి.

అపోహ: బూస్ట్ (టర్బో గాలిని నొక్కే ఒత్తిడి) ఎంత పెంచితే అంత చల్లన.

వాస్తవం: టర్బోలో గాలిని నొక్కే కంప్రెసర్ సత్తా ఉన్నంతవరకే. 30 డిగ్రీల గాలిని 70 శాతం సామర్థ్యంతో 1 బార్ బూస్ట్‌కి నొక్కితే సుమారు 125 డిగ్రీలతో బయటికొస్తుంది. 1.5 బార్‌కి నెట్టేసరికి సామర్థ్యం 60కి పడిపోతే అది 180 అవుతుంది. నొక్కిన గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్ ఆ వేడిని దింపలేకపోతే పెంచిన బూస్ట్ వృథా. మేనిఫోల్డ్‌లో వెనక ఒత్తిడి (టర్బైన్ ముందు నిలిచే గ్యాస్ ఒత్తిడి) కూడా కొలవండి. అది బూస్ట్‌కి రెండింతలైతే టర్బో చిన్నదైపోయినట్టే.

అపోహ: పొగ లేదంటే వేడి లేదు.

వాస్తవం: పొగ కనిపించకుండానే 700 దాటొచ్చు. బూస్ట్ మామూలుగానే ఉన్నా ఇంటర్‌కూలర్ మట్టితో మూసుకుపోతే చాలు.

అపోహ: ఇంధనం చిమ్మే టైమింగ్ ముందుకి జరిపితే సమస్య తీరిపోతుంది.

వాస్తవం: ఎగ్జాస్ట్ వేడి తగ్గే మాట నిజమే. కానీ ఆ భారం సిలిండర్ ఒత్తిడిగా హెడ్ గ్యాస్కెట్ మీద, కనెక్టింగ్ రాడ్ల మీద పడుతుంది, మీటర్‌లో అది కనబడదు. ఒక్కో డిగ్రీ జరిపి చూడండి, వేడి తగ్గడం ఆగిన చోటే ఆపేయండి.

పరీక్ష ఖాళీ బండితో వద్దు. నిండు బరువుతో, పొడవాటి ఎత్తు మీద, పెద్ద గేర్‌లో చూడండి. ముల్లు 700 దాటితే ఒక గేర్ దించండి. ఆర్‌పీఎం పెరిగి గాలి ఎక్కువ వస్తుంది, అదే వేగానికి ఒక్కో స్ట్రోక్‌లో పడే డీజిల్ తగ్గుతుంది.